సగం జీపు రేడియేటరు, ఒక ఆవకాయ జాడీ, రెండు విసనకర్రలు

ఈ మధ్య రాజమండ్రిలో ఒక షాపు అద్దాల వెనక కంప్యూటరొకటి చూశాను. డబ్బా మొత్తం గాజుది. లోపల గొట్టాల్లో ఎర్ర నీళ్లు తిరుగుతున్నాయి. పెళ్లి పందిరికి కట్టినన్ని దీపాలు. నేను కొనే రకం కాదని చూడగానే తెలిసినా, షాపులో అమ్మాయి మర్యాదగా బయటికొచ్చి, "వాటర్ కూలింగ్ అండి అంకుల్, కొత్త టెక్నాలజీ" అంది. ఇలాంటిది నేనూ ఒకటి చేశానమ్మా అని చెప్పబోయి నీళ్లు నమిలాను. చెబితే, "ఎన్నాళ్లు పనిచేసిందండి?" అని అడుగుతుంది కదా. పద్దెనిమిది రోజులు అని ఒప్పుకోవాలి.

ఆ అమ్మాయికి చెప్పలేనిది మీకు రాస్తున్నాను. స్క్రూడ్రైవరు పట్టుకుని బతుకుదామనుకునే చిన్నవాళ్లకు నా గెలుపుల కన్నా ఈ పద్దెనిమిది రోజులే ఎక్కువ పనికొస్తాయి. గెలుపులు చెప్పుకుందామంటే ఒక పేజీ కూడా నిండదు, అదొక కారణం.

నేను చదివింది ఐటీఐలో రేడియో మెకానిక్కు. రేడియోలు పోయి టీవీలొచ్చాయి, టీవీల వెనకే కంప్యూటర్లొచ్చాయి. స్క్రూడ్రైవరు సన్నబడుతూ వచ్చింది, నేను లావెక్కుతూ వచ్చాను. అప్పటికి ఊళ్లో ఒక కంప్యూటర్ల షాపులో రిపేర్లు చూసేవాణ్ణి. అంధ విద్యార్థుల హాస్టలు బడిలో ఉన్న ఒకే ఒక్క కంప్యూటరు కూడా మా లెక్కలోనే ఉండేది. ఎవరో దాత ఇచ్చిన పెంటియం ఫోరు. పనిలో దిట్ట, నోరు మాత్రం పెద్దది. వేడెక్కిందంటే లోపలి ఫ్యాను పిండిమిల్లు మొదలుపెట్టేది.

ఒక ఎండాకాలం ఆ బడి నుంచి టీచరుగారొకరు కబురు పెట్టారు. యాభై దాటిన మనిషి, నరసాపురం ఆడపడుచు. పదో తరగతి పాఠాలు క్యాసెట్లలో చదివి పిల్లలకు ఇవ్వడం ఆవిడ ఎన్నో ఏళ్లుగా చేస్తున్న పని. పిల్లలు విని విని ఆ క్యాసెట్లు అరిగిపోయాయి. ఈసారి కంప్యూటరులోకి చదివితే ఎన్ని కాపీలు తీసినా అరగవని ఆశ. పుస్తకం ఎవరైనా చదవచ్చు కదా అనుకోకండి. పుస్తకంలో బొమ్మ వచ్చిన చోట అందరూ "పటము చూడుము" అని చదివి ముందుకు పోతారు. ఈవిడ ఆగి ఆ బొమ్మను మాటల్లో గీసేవారు. అది ఇంకొకరి చేత కాలేదు.

నేను వెళ్లేసరికి మొదటి పాఠం చదివి ఉంచారు. వినిపించారు. గొంతు వెనక గుర్రుమని ఫ్యాను.

"ఇది తియ్యగలరాండి?" అన్నారు.

"చూద్దామండి. ఎప్పటికి కావాలి?"

"విశాఖపట్నంలో డాక్టరుగారు నా గొంతులో పెట్టె తీసేస్తానంటున్నారండి. గడ్డ ఉందిట. ఇంకో నెలా వారం టైమిచ్చారు. ఈలోగా మీరు మీ పెట్టె నోరు మూయించాలి."

స్వరపేటిక గురించి ఆవిడ అంత తేలిగ్గా అనేసరికి నవ్వాలో మానాలో తెలియక కంప్యూటరు వైపు తిరిగి మరలు విప్పడం మొదలుపెట్టాను. ఇబ్బందైనప్పుడు మరలు విప్పడం మా వృత్తిలో ఉన్న ఒక సౌకర్యం.

ఇప్పటివాళ్లు అడుగుతారు, పెట్టెను పక్కగదిలో పెట్టి వైరు లాగొచ్చు కదా అని. లాగాం. పొడుగు వైరులోకి కందిరీగ దూరినట్టు ఒకటే జుమ్ము. చప్పుడు తుడిచే సాఫ్ట్‌వేరు పెట్టాం. దాంతోపాటు గొంతు కూడా సగం తుడుచుకుపోయి, నూతిలోంచి చదివినట్టొచ్చింది. ల్యాప్‌టాపును అప్పటికి నేను ఫొటోలోనే చూశాను. ఇక మిగిలింది అసలు చప్పుడే లేకుండా కంప్యూటరును చల్లబరచడం. నీళ్లతో చల్లబరిచే పద్ధతి గురించి ఏదో ఇంగ్లీషు పత్రికలో చదివి ఉన్నాను. ఆ సామాను మన వైపు దొరకదు. అయితే నీళ్లతో చల్లబడే ఇంజన్లు హైవే మీద రోజూ కొన్ని వందలు తిరుగుతున్నాయి కదా అనిపించింది.

అలా హైవే పక్కన లారీ రేడియేటర్లు బాగుచేసే మేస్త్రిగారి షెడ్డుకు వెళ్లాను. అరవై ఏళ్ల మనిషి, భుజాన తువ్వాలు, చేతిలో బుస్సుమని మంట కక్కే బ్లోలాంపు.

"చిన్న రేడియేటరొకటి కావాలండి."

"ఏ బండికండి?"

"బండికి కాదండి, కంప్యూటరుకి."

ఆయన బ్లోలాంపు ఆపేశారు. "ఎన్ని టన్నులు లాగుతుందండి అది?"

టీచరుగారి సంగతి చెప్పాను. ఆయన వింటూ వింటూ తువ్వాలు ఈ భుజం మీంచి ఆ భుజం మీదికి మార్చుకున్నారు. "రేడియేటరు ఇచ్చి పంపెయ్యడం నాకలవాటు లేదండి ఇంజినీరు గారూ. పెట్టే కాడ నేనుండాలి. రేపొద్దున్నే వస్తాను." నేను ఇంజినీరును కాదని రెండుసార్లు చెప్పాను. స్క్రూడ్రైవరు ఎంత చిన్నదైతే ఇంజినీరు అంత పెద్దవాడని ఆయన నమ్మకం.

పన్నెండు రోజులు పట్టింది. పాత జీపు రేడియేటరును మేస్త్రిగారు రంపంతో సగానికి కోసి, కోసిన వైపు ఇత్తడి రేకు అతికారు. పాత సామాన్ల కొట్లో దొరికిన రాగి దిమ్మను అరచేతిలో సగం ఉండేలా నేను అరగదీసి, లోపల నీళ్లు పారడానికి హాక్సా బ్లేడుతో సన్నటి గాడులు కోశాను. పోస్టుకార్డు దూరేంత సందు. దాని మీద ఆయన మూతపెట్టి సోల్డరింగు చేశారు. ప్రాసెసరు మీద కూర్చుని వేడిని నీళ్లకు అందించేది అదే. నీళ్లు తిప్పడానికి రంగు చేపల షాపులోంచి తొట్టె మోటారు తెచ్చాను. మోటారుకూ నీళ్లకూ ఒక పాత్ర కావాలంటే టీచరుగారు తమ ఆవకాయ జాడీ ఇచ్చారు. ఏడుసార్లు కడిగినా నీళ్లు వేడెక్కితే గదంతా కమ్మగా ఆవకాయ వాసన.

డబ్బా పక్క రేకుకు గొట్టాల కోసం రెండు కన్నాలు కోశాను. రేకు అంచులు గొట్టాలను కొయ్యకుండా చీల్చిన సైకిల్ ట్యూబు తొడిగాను. హార్డ్ డిస్కు గిరగిర డబ్బాకు తగలకుండా దాన్ని లంగా ఎలాస్టిక్కుతో ఉయ్యాల కట్టి వేలాడదీశాను. పవర్ సప్లై ఫ్యానుకు వోల్టులు తగ్గించేసరికి అదీ గుసగుసలోకి దిగింది. కింద న్యూస్‌పేపరు పరిచి, ఒక పగలూ ఒక రాత్రీ పరీక్షకని నీళ్లు తిప్పి, కాగితం మీద చుక్క తడి లేదని చూసుకున్నాకే కరెంటు మాట తలపెట్టాను. ఈ ఒక్క జాగ్రత్తా గుర్తుపెట్టుకోండి. నా దగ్గర నేర్చుకోదగ్గది ఇదొక్కటే.

అసలు నీళ్లు పోసే రోజు రానే వచ్చింది. నేను షాపు నుంచి బ్యాటరీల్లో పోసే శుద్ధి చేసిన నీళ్లు తెచ్చాను. మేస్త్రిగారు ఒక రాగి చెంబు తెచ్చారు.

"మా షెడ్డులోంచి ఎల్లే ఏ బండికైనా మొదటి చెంబు గోదారేనండి. పొద్దున్నే రేవులో ముంచుకొచ్చాను. తువ్వాలు నాలుగు మడతలేసి వడగట్టాను కూడాను."

"దీనికి పడదేమోనండి."

"లారీకి పడిన నీళ్లు దీనికి పడవా ఏంటండి? ముప్పయ్యేళ్లలో ఒక్క బండి రోడ్డు మీద ఆగలేదు."

లారీ రేడియేటరులో నీళ్లు పారే దారి చిటికెనవేలు పట్టేంత. నా రాగి దిమ్మలో దారి పోస్టుకార్డు మందమంత. ఈ లెక్క నాకు తెలుసు, ఆయనకు తెలియదు. చెప్పాల్సింది నేను. కానీ అప్పటికే టీచరుగారు చెంబు చూసి కళ్లకద్దుకున్నారు. నెల తిరక్కుండా ఆపరేషను బల్ల ఎక్కబోయే మనిషి. నా తల దానంతటదే ఊగింది. దానికి సాంకేతిక కారణమేమీ లేదు.

మొదటి చెంబు గోదారి, మిగతాది బ్యాటరీ నీళ్లు. మీట నొక్కాను. తెర వెలిగింది. గదిలో చప్పుడు లేదు. టీచరుగారు చెవి డబ్బాకు ఆనించి, "పోయిందేమోనండి?" అన్నారు కంగారుగా. మేస్త్రిగారికీ నాకూ జీవితంలో అంతకు మించిన మెప్పు ఎవరూ ఇవ్వలేదు.

మర్నాటి నుంచి చదవడం మొదలైంది. పొద్దున్న ఎనిమిదికి కూర్చుంటే పదకొండుకల్లా ఆవిడ గొంతు బొంగురుపోయేది. రోజుకు ఆ మూడు గంటలే. పిల్లలకు సెలవులు కాబట్టి హాస్టలు నిశ్శబ్దంగా ఉండేది. కిటికీలకు పరుపులు అడ్డం పెట్టి, సీలింగు ఫ్యాను ఆపి చదివేవారు. మే నెల, తలుపులన్నీ మూసిన గది. గోదావరి వంతెన మీద రైలు కూత వినపడితే ఆగి, ఆ చప్పుడు దాటిపోయాక అందుకునేవారు. మైకు ముందు ఊపిరి తగిలి టప్ టప్ మనకుండా ఒక చెక్క రింగుకు తాను అల్లిన లేసు బిగించి పెట్టుకున్నారు. నేను చేసినదంతా కలిపినా ఆ లేసు ముక్కంత తెలివైంది కాదు.

రోజూ పని మొదలయ్యే ముందు వెళ్లి తెర మీద ప్రాసెసరు వేడి అంకె చూసుకునేవాణ్ణి. మొదటి వారం నలభై ఎనిమిది. తర్వాత యాభై. ఆ తర్వాత యాభై మూడు. ఎండలు ముదురుతున్నాయి కదా అనుకున్నాను. ప్రతి తప్పుకూ ముందు మనిషి అనుకునే మాట ఒకటుంటుంది. నాది అది.

పద్దెనిమిదో రోజు. తెలుగు, సాంఘికం, భౌతికశాస్త్రం అన్నీ అయి, జీవశాస్త్రంలో శ్వాసక్రియ ఒక్కటే మిగిలింది. సాయంత్రం రైలుకు టీచరుగారి ప్రయాణం. మేస్త్రిగారు కూడా వీడ్కోలు చెప్పడానికి వచ్చారు. ఎనిమిదింటికి మొదలుపెడితే నాలుగు వాక్యాలు కాగానే కంప్యూటరు కీచుమని అరిచి ఆరిపోయింది. చల్లారనిచ్చి మళ్లీ వేశాను. మళ్లీ ఆరింది. నీళ్ల గొట్టం ఊడదీసి రాగి దిమ్మ మూతి దగ్గర పట్టుకుంటే చుక్క చుక్కగా వస్తోంది. పుల్ల పెట్టి కెలికితే సన్నటి గోధుమరంగు ముద్ద. వరద తీశాక రేవు మెట్ల మీద మిగిలే ఒండ్రు తెలుసు కదా, అదే.

"ఏమైందండి?" అన్నారు టీచరుగారు.

"ఈ బ్యాటరీ నీళ్లలో ఏదో తేడా ఉన్నట్టుందండి" అన్నాను.

ఇన్నేళ్లయినా ఆ వాక్యం తలుచుకుంటే చెవులు వేడెక్కుతాయి. ఏ నీళ్లకూ చల్లబడవు. నా పక్కనే నిలబడిన మేస్త్రిగారు వంగి ఆ ముద్దను వేలితో తీసి చూసుకున్నారు.

"బ్యాటరీ నీళ్లు కాదమ్మా. నా చెంబేనండిది" అన్నారు. ఆయన గొంతు నేనెప్పుడూ అంత చిన్నగా వినలేదు.

"ఆయన పోస్తానంటే తలూపింది నేనండి" అన్నాను అప్పుడు. ఆలస్యంగా.

టీచరుగారు ఇద్దర్నీ చూశారు. "గోదారి ఒండ్రు కదండీ. సందు కనపడితే చేననుకుని మేట వేస్తుంది. దాని తప్పేం లేదు" అన్నారు. "ఇప్పుడేం చేద్దాం?"

ఏమీ చెయ్యలేం. మూత విప్పాలంటే షెడ్డులో బ్లోలాంపు కావాలి, మళ్లీ అతికి ఒక రోజంతా తడి పరీక్ష చెయ్యాలి. ఆవిడకున్నది ఆ పూట, అందులోనూ పదకొండు దాకా. కంప్యూటరుతో వచ్చిన పాత అల్యూమినియం దిమ్మా, దాని ఫ్యానూ అలమరలోనే ఉన్నాయి. అవి బిగిస్తే పిండిమిల్లు మధ్య ఆఖరి పాఠం. అదే చెప్పాను.

"అన్ని పాఠాలూ అంత హాయిగా వచ్చి... ఇదొక్కటీ అలాగా" అన్నారావిడ. ఆ పద్దెనిమిది రోజుల్లో ఆవిడ మొహం వాడిపోవడం చూసింది అప్పుడే. ఆసుపత్రి మాట చెప్పినప్పుడు కూడా అలా లేరు. నేను పూర్తిగా నీరుగారిపోయాను.

మేస్త్రిగారు గది బయటికి వెళ్లారు. వంటింట్లో పొయ్యి విసిరే తాటాకు విసనకర్రలు రెండు పట్టుకొచ్చారు.

"ఆ దిమ్మ పెట్టండి. ఫ్యాను పెట్టకండి" అన్నారు. "విసరడానికి మనిద్దరం లేమా ఏంటి?"

తాటాకు కిర్రుమంటుందన్నాను. ఆయన తువ్వాలును రెండుగా చించి రెండు విసనకర్రలకూ చుట్టారు. నేను దిమ్మ బిగించి, డబ్బా పక్క రేకు తీసేసి, పీట వేసుకుని కూర్చున్నాను. కాసేపు ఆయన, కాసేపు నేను. నిదానంగా, పొడుగ్గా విసరడం ఆయన పద్ధతి. టపటపా విసిరి ఐదు నిమిషాలకే అలిసిపోవడం నాది. గాలాడని ఆ గదిలో మా ఒంటి మీంచి కారిన చెమటతో ఇంకో జాడీ నిండేది. అంకె యాభై ఐదు దగ్గర నిలబడింది. టీచరుగారు చదువుతున్నారు.

పాఠంలో ఊపిరితిత్తుల బొమ్మ వచ్చింది. ఆవిడ అలవాటుగా ఆగారు.

"మీ రెండు అరచేతులూ పక్కటెముకల మీద పెట్టుకోండి. ఇప్పుడు నెమ్మదిగా గాలి పీల్చండి. చేతులు దూరం జరుగుతున్నాయా? ఆ లోపల పెరుగుతున్నదే..."

అంకె అరవై అయింది. అరవై నాలుగు. నేను తల తిప్పి చూస్తే, విసిరే వంతు మేస్త్రిగారిది, విసనకర్ర ఒళ్లో ఉంది. ఆయన రెండు అరచేతులూ పక్కటెముకల మీద పెట్టుకుని, కళ్లు మూసుకుని, గాలి పీలుస్తున్నారు. చేతులు దూరం జరుగుతున్నాయి. మొహంలో ఎంతో ఆశ్చర్యం. బడికి వెళ్లని మనిషి మరి.

నేను నోరెత్తకుండా చేతులూపుతున్నాను. టీచరుగారు చూశారు. ఆపుకోలేక పకపకా నవ్వారు.

"మేస్త్రి గారూ, మీరు కాదండీ! పిల్లలు. మీరు విసరండి."

"ఆయ్! తప్పయిపోయిందండి" అన్నారాయన ఉలిక్కిపడి.

పదిన్నరకు పాఠం అయిపోయింది. ఆ నవ్వు దగ్గర కత్తిరిస్తానని నేను మౌసు పట్టుకున్నాను. ఆవిడ నా చెయ్యి ఆపారు.

"ఉండనివ్వండి. ఇన్ని గంటలు పాఠం చెప్పే గొంతే ఇచ్చాను వాళ్లకి. నవ్వు ఒకటి ఉండనివ్వండి."

ఆపరేషను బాగా జరిగింది. మనిషి దక్కారు, గొంతు దక్కలేదు. తిరిగొచ్చి అదే బడిలో ఇంకో నాలుగేళ్లు పిల్లల వేళ్లు పట్టుకుని బ్రెయిలీ అక్షరాలు దిద్దించారు. మేస్త్రిగారు సగం రేడియేటరు మళ్లీ షెడ్డుకు పట్టుకెళ్లారు. ఆ తర్వాత లారీలకు మొదటి చెంబు పోసేటప్పుడు తువ్వాలు ఎనిమిది మడతలు వేసేవారని విన్నాను.

చాలా ఏళ్ల తర్వాత ఒక బ్యాంకులో రిపేరుకు వెళ్లాను. మాట్లాడే సాఫ్ట్‌వేరు పెట్టుకుని పనిచేసే ఒక అంధ ఉద్యోగిగారి కంప్యూటరు అది. కరెంటు లేదు, ఏసీ లేదు. డబ్బా విప్పి, ఉక్క తట్టుకోలేక అక్కడున్న ఫైలు అట్టతో విసురుకుంటున్నాను. ఆయన కుర్చీలో వెనక్కి వాలి, తనలో తను నవ్వుకుంటూ, సరిగ్గా టీచరుగారి సాగదీతతోనే అన్నారు:

"మేస్త్రి గారూ, మీరు కాదండీ! పిల్లలు. మీరు విసరండి."

నా నోట్లోంచి నాకు తెలియకుండానే వచ్చేసింది. "ఆయ్! తప్పయిపోయిందండి."

ఆయన నవ్వు ఆగిపోయింది. "మీరు మా హాస్టలాండి? హాస్టల్లో ఎవరు విసురుకున్నా మేం ఈ మాటే అనేవాళ్లం. అందరూ 'ఆయ్' అనాలి."

"హాస్టలు కాదండి. ఆ పాఠం రికార్డు చేసినప్పుడు ఆ గదిలో ఉన్నాను."

ఆయన కుర్చీ నా వైపు తిప్పుకున్నారు. నేను ఏదో ఒకటి చెప్పాలని, మిగతా పాఠాలంత నిశ్శబ్దంగా దాన్ని తియ్యలేకపోయామని, ఎంత గుడ్డ చుట్టినా చప్పుడు వచ్చే ఉంటుందని సంజాయిషీ ఇచ్చుకోబోయాను.

"రాకేంటండీ. మాకు విసురు విసురూ వినపడేది. మేం ఎక్కువసార్లు విన్న పాఠం అదే. టీచరుగారి గొంతు కాస్త బొంగురుపోతుంటే పక్కన ఎవరో విసురుతుంటారు, ఆవిడకే విసురుతున్నారనుకునేవాళ్లం. ఇద్దరు కదండీ? ఒకరు నిదానంగా, ఒకరు తొందరగా. పందేలేసుకునేవాళ్లం. నిదానంగా విసిరేదే మేస్త్రిగారని నేననేవాణ్ణి."

"మీరే గెలిచారండి" అన్నాను. మేస్త్రిగారు పోయి అప్పటికి రెండేళ్లు.

"మరి రెండో ఆయన ఎవరండి? టపటపా విసిరి, కాసేపటికే ఆయాసపడతారు?"

ఈసారి నేను నీళ్లు నమల్లేదు.

"నేనేనండి" అన్నాను.